కలముల కొలత



గ్రంథాలయపు పండుగలో పుస్తకమును గూర్చి పలుకుట ఆచారము. పుస్తకమునకు ముందు వ్రాతప్రతి గలదు. వ్రాతప్రతికి ముందు కలము గలదు. కావున కలమును గూర్చి కొంత ముచ్చటించుకొనుట ఈ సందర్భమునకు దూరము కానేరదు. అందునను ఈ ప్రసంగము కలముయొక్క మహిమనుగాక దాని కొలతను గూర్చినది. విలువగల ఫౌంటెన్ పెన్నులను నాలుగింటిని ఒక్కచోట పేర్చినప్పుడు చూచినవారందరు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "వీనిలో ఏది పెద్దది?" ఈ ప్రశ్న చిన్నపిల్లలుకూడ అడుగగలిగినంత సులభము. దీనికి సమాధానము చెప్పుట మాత్రము అంత సులభము కాదు.

ఒక తండ్రి ఉన్నాడనుకొనుడు. ముప్పది యేండ్లు ఉద్యోగము చేసి, ఇంటి ఖర్చులు పోగా మిగిలిన దానిలో కొంత దాచి, మూడు మంచి కలములను సంపాదించినాడు. మూడును జర్మనీ దేశమునందు చేయబడినవే. ఒకటి పెలికన్ సంస్థవారి ఎం 400. రెండవది వారిదే ఎం 800. మూడవది మాంట్‌బ్లాంక్ వారి 149. ఆయనకు మువ్వురు బిడ్డలు. పెద్దవాడు న్యాయవాది. నడిమి కుమార్తె వైద్యురాలు. కడగొట్టు కుమార్తె బడిలో పంతులమ్మ. నలువది దాటకముందే ఆమె వ్రేళ్ల కీళ్లలో నొప్పి ప్రవేశించినది. తండ్రి తన కలములను బ్రతికియుండగనే పంచిపెట్టదలచినాడు.

పెద్దవాడన్నాడు గదా: "ఇందులో ఆలోచించుట కేమున్నది, నాన్నగారూ? పెద్ద కలము పెద్దవానికి, నడిమి కలము చెల్లెలికి, చిన్న కలము చిన్నదానికి."

ఆ మాట వినుటకు న్యాయముగనే యున్నది. కాని తండ్రి వెంటనే ఔననలేదు. "ముందు ఏది పెద్దదో తేల్చుకొందము, కొలబద్ద తెమ్ము" అన్నాడు. ఆ కొలబద్ద వచ్చిన తరువాత ఏయే చిక్కులు వచ్చునో విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

మొదటి చిక్కు అంకెలది. 149 అను పేరు వినగనే ఆ కలము 149 మిల్లీమీటర్ల పొడవున్నదని అనేకులు భావింతురు. మూత పెట్టిన ఆ కలమును కొలిచిచూడగా సుమారు 148 మిల్లీమీటర్లు వచ్చును. ఒక్క మిల్లీమీటరే భేదము గనుక ఆ భ్రమ మఱింత బలపడును. దాని తమ్మునివంటి 146 కలము కొలత సుమారు 145. ఇంకేమి, పేరులోనే కొలత యున్నదని నిశ్చయించుకొందురు. కాని అదే సంస్థవారి 145 అను కలమును కొలిచినచో సుమారు 139 మిల్లీమీటర్లే వచ్చును. అంతటితో ఆ సిద్ధాంతము కూలిపోవును.

నిజమునకు ఆ మూడంకెలకు మూడు వేర్వేరు అర్థములు కలవు. మాంట్‌బ్లాంక్ వారు 1924లో మైస్టర్‌ష్టుక్ అను శ్రేష్ఠమైన తరగతిని ప్రారంభించిరి. మొదటి అంకె 1 ఆ తరగతికి గుర్తు. రెండవ అంకె 4 పిస్టనుతో సిరాను పీల్చుకొను ఏర్పాటునకు గుర్తు. చివరి అంకె 9 పాళీయొక్క పరిమాణమునకు గుర్తు. 1952లో వచ్చిన ఈ 149లో ఏ అంకెయు పొడవును చెప్పదు. దాని పాళీమీద 4810 అని మఱియొక సంఖ్య చెక్కబడియుండును. అది మాంట్‌బ్లాంక్ పర్వతముయొక్క ఎత్తు, మీటర్లలో. ఆ కలముమీద చెక్కిన అసలైన కొలత అదొక్కటే. అదియు కలముది కాదు, కొండది.

ఈ సంప్రదాయము జర్మనీవారితో పుట్టినది కాదు. న్యూయార్కులో లూయీ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో తన ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు పొందెను. ఆయన పేరిట వెలసిన సంస్థవారు తరువాతికాలమున తమ కలములకు 42, 52, 58 వంటి సంఖ్యలను పెట్టిరి. వానిలో 5 అనునది మీటనెత్తి సిరా నింపు ఏర్పాటును తెలుపును. 4 అనునది పాళీ లోనికి ముడుచుకొనిపోవు విధమును తెలుపును. కడపటి 2 గాని 8 గాని పాళీ పరిమాణమును తెలుపును. జపానులోని పైలట్ వారి పద్ధతి ఇంకను విచిత్రము. ఆ సంస్థ 1918లో స్థాపింపబడినది. వారి కస్టమ్ 74 అను కలము 74వ యేట, అనగా 1992లో, వచ్చినది. కస్టమ్ 823లోని 82 సంస్థయొక్క వయస్సు. చివరి 3 విడుదలనాటి వెల ముప్పదివేల యెన్నులని తెలుపును. వయస్సును, వెలను కలిపి పేరుగా పెట్టిరి గాని పొడవు ఊసు లేదు.

పెలికన్ వారి 400, 600, 800, 1000 అను సంఖ్యలు మాత్రము చిన్నదానినుండి పెద్దదానికి వరుసగా పోవును. మూత పెట్టిన కొలతలు సుమారుగా 127, 134, 141, 147 మిల్లీమీటర్లు. అయినను 1000 అనునది 400కు రెండున్నర రెట్లు కాదు. పొడవులో వాని భేదము రెండంగుళములలో సగముకూడ లేదు. మఱియు ఎం 600 అను పేరు గల కలము 1997కు పూర్వము దాదాపు ఎం 400 పరిమాణములోనే యుండెను. ఆ యేడు దానిని పెద్దది చేసిరి. ఒకే పేరుతో రెండు పరిమాణము లున్నవన్నమాట. పాత కలమును పేరును బట్టి కొనువారు ఈ సంగతి తెలియక మోసపోయినచో తప్పు అమ్మినవానిది కానక్కఱలేదు. కావున సేకరణలోని కలములను సరిపోల్చువాడు మొదట పేర్లను ప్రక్కన పెట్టవలెను.

పేర్లను ప్రక్కన పెట్టి కొలబద్దను చేతబట్టినను చిక్కు తీరదు. ఏ పొడవును కొలువవలెను? మూత పెట్టియున్నప్పటి పొడవు ఒకటి. మూత తీసి పాళీ మొననుండి కొనవఱకు గల పొడవు రెండవది. మూతను వెనుక తగిలించినప్పటి పొడవు మూడవది. మొదటిది జేబుకు కావలసిన కొలత. రెండవదియు మూడవదియు చేతికి కావలసిన కొలతలు. పెట్టెలో పెట్టి చూపువారు మొదటిదానినే చెప్పుదురు. వ్రాయువానికి దానితో పనిలేదు.

ఎం 400ను మూత పెట్టి 149 ప్రక్కన నిలిపినచో రెండు సెంటీమీటర్లు పొట్టిది. అదే కలము మూతను వెనుక తగిలించుకొనగనే దాదాపు 149 మూతతోనుండు పొడవునకు చేరుకొనును. మూత లేని 149 పొడవు సుమారు 133 మిల్లీమీటర్లే. అనగా చిన్నకలమును మూత తగిలించి వ్రాయువాని చేతిలోను, పెద్దకలమును మూత తీసివైచి వ్రాయువాని చేతిలోను చూచినచో చిన్నదే పొడవైనదిగా కనబడును. జర్మనీలోనే కావెకో సంస్థవారి స్పోర్ట్ అను చిన్నకలము ఈ సూత్రముమీదనే నడచును. మూసినప్పుడు 105 మిల్లీమీటర్లు, చొక్కాజేబులో అడుగున పడిపోవునంత పొట్టిది. మూత వెనుకకు చేరగనే సుమారు 133 మిల్లీమీటర్లయి నిండైన కలముగా మారును. అది ఖరీదైన కలము కాదు గాని, పరిమాణమును గూర్చి అది నేర్పు పాఠము ఖరీదైన కలములకును వర్తించును.

పొడవుకంటె చేతికి ఎక్కువగా తెలియునది లావు. మాంట్‌బ్లాంక్ 146నే తీసికొని 149తో సరిపోల్చుడు. పొడవులో భేదము సుమారు 3 మిల్లీమీటర్లు; బల్లమీద విడివిడిగా పెట్టినచో కన్ను దానిని పట్టలేదు. కాని గొట్టముయొక్క అడ్డకొలత ఒకదానిది సుమారు 13 మిల్లీమీటర్లు, రెండవదానిది సుమారు 15. రెండు మిల్లీమీటర్లే గదా యని తోచును. చుట్టుకొలతకు మార్చిచూచిన 13కు దాదాపు 41, 15కు దాదాపు 47 వచ్చును. వ్రేళ్లు చుట్టుకొను మేర ఆరు మిల్లీమీటర్లు పెరిగినది. పొడవు సమానమేయనుకొన్నను అడ్డుకోతలోని వైశాల్యము మూడవవంతు పెరిగినది. రెండు కలములను ఒకదాని వెంట ఒకటి చేత బట్టినవాడు, "ఇది చాల పెద్దది" అని వెంటనే పలుకును. వాని చేయి అబద్ధమాడలేదు; కొలబద్ద చెప్పనిదానిని చెప్పినది.

ఇందులోను ఒక సూక్ష్మము గలదు. గొట్టము లావు వేరు, పట్టు లావు వేరు. వ్రేళ్లు నిలుచు చోటు పాళీకి వెనుకనున్న సన్నని భాగము. కొన్ని లావైన కలములకు ఆ భాగము బాగుగ సన్నబడియుండును. కొన్ని సన్నని కలములకు అది తిన్నగ ఒకే లావున నుండును. కావున సరిపోల్చువాడు పాళీనుండి ఒక అంగుళము వెనుక, వ్రేళ్లు నిలుచు తావున, లావును విడిగా కొలుచుకొనవలెను. ఇట్టి కొలతకు వెర్నియర్ కాలిపర్సు ఉన్న మంచిదే. లేనిచో సన్నని కుట్టుదారమును పది చుట్లు ప్రక్కప్రక్కగా చుట్టి, ఆ దారమును విప్పి కొలిచి, పదితో భాగించినచో చుట్టుకొలత వచ్చును. దానిని 3.14తో భాగించిన అడ్డకొలత తెలియును. ఈ పనికి పల్లెలోని పిల్లవానికి కావలసిన సాధనములన్నియు ఇంటిలోనే యున్నవి.

పొడవు, లావు తెలిసిన పిమ్మట తూకము. ఇక్కడ పెలికన్ వారి ఎం 600, ఎం 800 మంచి ఉదాహరణములు. పొడవులో వాని భేదము ఏడు మిల్లీమీటర్లు. తూకములో మాత్రము చిన్నది సుమారు 18 గ్రాములు, పెద్దది సుమారు 28 గ్రాములు. ఏడు మిల్లీమీటర్ల గొట్టమునకు పది గ్రాముల బరువెట్లు వచ్చినది? ఎం 800 లోపలి పిస్టను ఏర్పాటు ఇత్తడిది. ఇత్తడి నీటికంటె ఎనిమిదిన్నర రెట్లు బరువు. కలపు గొట్టము చేయు రెజిను నీటికంటె కొంచెమే బరువు. కనుక కంటికి కనబడని లోపలి లోహము కలముయొక్క స్వభావమునే మార్చివైచినది. పైగా ఆ ఇత్తడి కొనవైపున నుండుటచే బరువు వెనుకకు లాగును. కొందఱికి అది హాయి. తాము నొక్కకుండగనే కలము కాగితముమీద నిలిచినట్లుండునని వారందురు. కొందఱికి అది ఆయాసము.

బరువు ఎంతయని మాత్రమేగాక ఎక్కడ నున్నదనియు చూడవలెను. మూత తీసిన కలమును పెన్సిలుమీద అడ్డముగా పెట్టి, ఇటు అటు జరిపి, త్రాసువలె సమముగ నిలుచు చోటును గుర్తింపుడు. మూతను వెనుక తగిలించి మరల అట్లే చేయుడు. నిలుచు చోటు ఎంతో వెనుకకు జరిగిపోవును. ఆ చోటు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న పల్లమునకు దాపున నున్నచో కలము చేతిలో ఒదిగియుండును. దానికి చాల వెనుకకు పోయినచో మొన పైకి లేవజూచును, వ్రేళ్లు దానిని అదిమిపట్టుటలోనే అలసిపోవును. పుటలకొలది వ్రాసినవారికి మెడవఱకు ప్రాకు ఆ నొప్పి పరిచితమే. దానికి కారణము వ్రాత ఎక్కువగుటయే యని తలంతురు గాని, చాల తఱి కలము చేతికి తగకపోవుటయు కారణమగును.

ఇక పాళీ. పెద్దపాళీ గల కలము పెద్దకలమని సామాన్యాభిప్రాయము. జపానులో పైలట్ వారు తమ పాళీలకు 5, 10, 15, 30, 50 అని సంఖ్యలిచ్చిరి. 50వ సంఖ్య పాళీ ఆ సంస్థవారిదే యగు నమీకి ఎంపరర్ అను కలమునకుండును. మూతతో అది సుమారు 173 మిల్లీమీటర్లు, అనగా దాదాపు ఏడంగుళములు. సాధారణముగ అమ్మబడు విలాసవంతమైన కలములలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి. దాని దేహము ఎబొనైటు. పైన ఉరుషి యను చెట్టుపాలతో పొరలు పొరలుగా పూత పూసి, ఆ తడిమీద బంగారు పొడిని చల్లి బొమ్మలు దిద్దుదురు. ఆ కలమునకంత వైశాల్యము కావలసివచ్చుటకు వ్రాత ఒక్కటే కారణము కాదు. చిత్రకారునకు చోటు కావలెను. దానిని చూచి ఇంత పెద్దది ఎవరి చేతికి తగునని నవ్వుట తగదు. అది సగము కలము, సగము చిత్రపటము. దాని పరిమాణమును చిత్రపటపు లెక్కన చూచినప్పుడే న్యాయము.

దీనికి మాఱుగా అమెరికాలో పార్కర్ వారు 1941లో విడుదల చేసిన 51 అను కలమునకు పాళీ దాదాపు పూర్తిగా తొడుగులో దాగియుండును. మొన మాత్రమే పైకి కనబడును. చూచుటకు పాళీయే లేనట్లుండు ఆ కలము తరతరములవారికి ప్రియమైన వ్రాతకలమైనది. కనబడు పాళీని బట్టి కలమును కొలుచుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

అసలు కలములు పెద్దవి యగుటకు తొలికారణము ఆడంబరము కాదు, సిరా. తొలినాటి ఫౌంటెన్ పెన్నులలో చుక్కలగొట్టముతో సిరాను గొట్టములోనికే నేరుగా పోసెడివారు. గొట్టమంతయు సిరాబుడ్డియే. పెద్దగొట్టమున్నచో ఎక్కువ దినములు వ్రాయవచ్చును. తరువాత రబ్బరు సంచి లోపల పెట్టి మీటతో నింపు పద్ధతి వచ్చినది. సంచికిని మీటకును చోటు పోగా సిరాకు మిగిలిన చోటు తగ్గినది. హంగరీ దేశపు ఇంజనీరు థియొడోర్ కొవాక్స్ కనిపెట్టిన పిస్టను పద్ధతిని పెలికన్ వారు 1929లో తమ తొలి కలములో ప్రవేశపెట్టిరి. గొట్టములో అధికభాగము మరల సిరాకు దక్కినది. ఈ విధముగ కలముయొక్క వెలుపలి పరిమాణమునకును, లోపలి సిరాకును గల సంబంధము కాలమును బట్టి మాఱుచు వచ్చినది. నేడు ఒకే పొడవుగల రెండు కలములలో ఒకటి రెండవదానికంటె ఎక్కువ సిరాను పట్టుచున్నదనిన ఆశ్చర్యపడ నక్కఱలేదు. కావున సిరా కొలతకూడ ఒక కొలతయే.

ఆడంబరము తరువాత వచ్చినది. పార్కర్ వారు 1921లో ఎఱ్ఱని పెద్దకలము నొకదానిని డ్యూఫోల్డు అను పేరుతో ఏడు డాలర్లకు అమ్మజూపిరి. ఆ కాలమునకది గొప్ప వెల. అయినను పెద్దదనము, ఎఱ్ఱదనము జనులను ఆకర్షించినవి. దానికి పెద్ద ఎఱుపు అను అర్థమిచ్చు ముద్దుపేరే స్థిరపడినది. పిమ్మట పురుషులకు పెద్దదనియు, స్త్రీలకు చిన్నదనియు విభజించి అమ్మిరి. చేయి కొలతను అడుగకుండ, కొనువారు ఆడవారా మగవారా యని అడిగి కలమునిచ్చు ఆచారము అట్లు బలపడినది.

ఆ ఆచారమునకు చరిత్రయే ఒక సమాధానము చెప్పినది. 1945 సెప్టెంబరు 2వ తేదీన టోక్యో అఖాతములో మిస్సూరీ అను యుద్ధనౌకమీద జపాను లొంగుబాటు పత్రములపై జనరల్ మెకార్థర్ సంతకము చేసెను. ఆయన ఒక్క కలముతో గాక పలు కలములతో కొంచెము కొంచెముగ తన పేరును పూర్తిచేసెను. మొదటి రెండు కలములను జపానువారి చెరనుండి విడుదలయి వచ్చి తన వెనుక నిలిచియున్న వెయిన్‌రైట్, పెర్సివల్ అను ఇరువురు సేనానాయకులకు ఇచ్చెను. ఆ కలములలో ఆయన భార్యకు చెందిన చిన్న పార్కర్ కలము కూడ ఉండెను. మహాయుద్ధమును ముగించు పత్రముపై సంతకము చేయుటకు స్త్రీల కలమని పేరుపడిన చిన్నకలము చాలినది.

తెలుగువారికి ఈ విషయము బొత్తిగా పరాయిది కాదు. రాజమహేంద్రవరమున కె. వి. రత్నముగారు స్వదేశీ దీక్షతో 1932 ప్రాంతమున ఫౌంటెన్ పెన్నులను చేయ మొదలిడిరి. కుమారప్పగారి ద్వారా తనకందిన రత్నము కలముతో వ్రాసిచూచి, గాంధీజీ 1935లో కృతజ్ఞతాపూర్వకముగ లేఖ వ్రాసిరి. గంధకము కలిపి గట్టిపఱచిన రబ్బరే ఎబొనైటు. ఆ కడ్డీని లేతుమీద బిగించి చేతి నేర్పుతో త్రిప్పి కలమును తీర్చు విద్య గోదావరి ఒడ్డున ఆ విధముగ వేళ్లూనినది. యంత్రశాలలో అచ్చుపోసిన కలములన్నియు ఒకే కొలతవి. చేతితో త్రిప్పిన కలములు ఒకదానికొకటి వెంట్రుకవాసి భేదించును. కొనువాడు ఎదుట నిలుచుండి, "ఇక్కడ కొంచెము లావు కావలెను, అయ్యా" అనినచో పనివాడు తన ఉలిని అక్కడ ఆపగలడు. చేతిని కొలిచి కలమును చేయుట, చేసిన కలమునకు చేతిని ఒగ్గించుట అను రెండు మార్గములలో మొదటిది మన పనివారికి తెలియని మార్గము కాదు.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి సేకరణ నొకదానిని సరిపోల్చువాడు వ్రాసికొనవలసిన కొలతలు ఎనిమిది: మూతతో పొడవు, మూత లేని పొడవు, మూత వెనుక తగిలించిన పొడవు, గొట్టము లావు, పట్టు లావు, తూకము, బరువు నిలుచు చోటు, సిరా పట్టు మేర. మూతతోను మూత లేకుండను తూకమును వేర్వేరుగ చూడవలెను. అన్ని కలములను సిరాతోనో, అన్నింటిని సిరా లేకుండగనో తూచవలెను. ఒకటి నిండుగ, ఒకటి ఉత్తగ తూచిన లెక్క తప్పును. పొడవు పోల్చునపుడు కొనలను ఒక గీతమీద నిలిపి ఛాయాచిత్రము తీయుట మంచిదే గాని, దగ్గఱనున్న కలము పెద్దదిగను దూరమున నున్నది చిన్నదిగను పడును. చిత్రమును నమ్మి కొలతను వదలరాదు. ఈనాడు దూరదేశపు కలమును బొమ్మను చూచి కొనువారు అనేకులు. ఒక నెల జీతము, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలల జీతము, బొమ్మలోని ఠీవిని చూచి వెచ్చింతురు. ఇంటికి వచ్చిన కలము చేతికి ఒదుగకపోగా పెట్టెలో పడుకొనును. వ్రాయని కలములో సిరా ఎండును. ఎండిన సిరాతో పిస్టను బిగుసుకొనును. అట్లు పడియున్న కలములు ఎన్నియో సేకరణములలో గొప్పగా లెక్కింపబడుచున్నవి.

ఇప్పుడు తండ్రి ఇంటికి మరల పోవుదము. కొలబద్ద, దారము, కంసాలివద్ద తెచ్చిన త్రాసు బల్లమీద నున్నవి. ఎనిమిది కొలతలను పట్టికగా వ్రాసిరి. మూతతో పొడవునకు 149 మొదటిది. తూకమునకు కూడ అదే మొదటిది గాని, సుమారు 32 గ్రాములతో ఎం 800కంటె నాలుగు గ్రాములే ఎక్కువ. దాని లావును బట్టి చూచిన అది తేలికయే. మూత తగిలించిన ఎం 400 ముందు మూత లేని 149 పొట్టిది. పట్టికను చూచి పెద్దవాడు, "ఇట్లయినచో పెద్దది ఏదని చెప్పుట ఎట్లు, నాన్నగారూ?" అన్నాడు.

తండ్రి మూడు కాగితములను తీసి, "ఒక్కొక్కరు మూడు కలములతోను పుటేసి వ్రాయుడు" అన్నాడు.

వ్రాసిరి. పెద్దవాని అరచేయి వెడల్పైనది; అతడు వ్రాయునది తక్కువ, సంతకములు ఎక్కువ. ఎం 800 బరువు వాని చేతిలో నిలకడగ నిలిచినది. వైద్యురాలు రోగి మంచము ప్రక్కన నిలుచుండి చిన్నకాగితముమీద వ్రాయును. కలము మాటిమాటికి జేబులోనికి పోవలెను, రావలెను. సుమారు 15 గ్రాముల ఎం 400 తప్ప తక్కిన రెండును ఆమెకు బరువనిపించినవి. కడగొట్టు కుమార్తె మొదటి రెండు కలములతో సగము పుటయైనను నింపకమునుపే చేయి విదిలించినది. సన్నని కలమును పట్టుటకు వ్రేళ్లను మిక్కిలి ముడువవలెను. నొప్పిగల కీళ్లకు అది శిక్ష. 149 పుచ్చుకొన్నప్పుడు ఆమె వ్రేళ్లు కొంత విప్పారి, బిగింపు సడలినది. లావైన పిడిని పట్టుటకు తక్కువ బిగింపు చాలునన్న సంగతి కీళ్లజబ్బువారికి లావైన పిడుల గరిటెలు, కత్తులు ఇచ్చు వైద్యులందఱు ఎఱుగుదురు. ఆమె పుట నింపి, తిప్పి, రెండవ ప్రక్కకూడ వ్రాయసాగినది.

అందఱును చూచుచునే యుండిరి. ఎవ్వరును ఏమియు అనలేదు. కొంతసేపటికి పెద్దవాడే 149 పెట్టెను తీసి చెల్లెలివైపు జరిపి, "పిల్లల వ్రాతపుస్తకములు దిద్దుటకు నీకే కావలెనమ్మా ఇది" అన్నాడు. తండ్రి పట్టిక క్రింద మూడు పేర్లను మూడు కలముల కెదురుగ వ్రాసి తేదీ వేసినాడు.

ఈ కథ కల్పితమే గాని ఇందలి కొలతలు కల్పితములు కావు. ఇట్టి పంపకము ప్రతి ఇంటిలోను ఏదో యొక రూపమున జరుగుచునే యుండును. విలువగల కలములు లేని ఇంటిలోకూడ బడికి పోవు బిడ్డకు మొదటి కలము కొనిపెట్టు దినము వచ్చును. ఆ దినమున తలిదండ్రులు వెలను చూతురు, మెఱుపును చూతురు. చిన్నచేతికి లావైన కలము, పెద్దచేతికి సన్నని కలము వచ్చిపడును. బిడ్డ వ్రాత బాగుండలేదని కొట్టుదురు గాని కలమును మార్చి చూడరు. దుకాణమున రెండు కలములను తెఱచి, బిడ్డచేత తన పేరును నాలుగుసార్లు వ్రాయించి, వ్రేళ్లు ఎంత బిగిసినవో చూచి కొనుటకు అయిదు నిమిషములు చాలును.

గ్రంథాలయమునకు వచ్చు చదువరి పుస్తకమును దాని అట్టపొడవును బట్టి ఎన్నుకొనడు. ఒక పుట తెఱచి చదివి చూచును. కలమును కొనువారుకూడ ఒక పుట వ్రాసిచూచి కొందురు గాక.